గట్లు లేని ఊరు: లాక్స్‌టన్ అనే చిన్న ఇంగ్లీష్ పారిష్ కథ

పోయినేడు మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు లండన్ అంతా తిప్పాను, మనిషి పెద్దగా కదల్లేదు, బిగ్ బెన్ ముందు నిలబడి కూడా "బానే ఉంది" అని ఊరుకున్నాడు. కానీ నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూఆర్క్ టౌన్ నుంచి ఒక పది మైళ్లు పోతే వచ్చే లాక్స్‌టన్ అనే ఊరి పొలాల దగ్గర కారు ఆపితే మాత్రం తనే డోర్ తీసుకుని దిగి, చేలోకి నాలుగడుగులు వేసి, వంగి మట్టి పిసికి చూసి (జిగురు నేల, మన రేగడి లాగే బూట్లకి అతుక్కుంటది), అటు ఇటు చూసి ఒకటే ప్రశ్న అడిగాడు. "గట్లేయిరా? గట్లు లేకుండా ఎవరి చేను ఎవరిదో ఎట్టా తెలుస్తది వీళ్లకి?"

నాకు తెలిసింది ఏదో చెప్పాను గానీ నాన్నకి ఆనలేదు, నిజం చెప్పాలంటే నాకూ ఆనలేదు. తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది ఏంటంటే ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలంటే దాదాపు వెయ్యేళ్లు వెనక్కి పోవాలి, పైగా ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి చరిత్ర అంటే ఒక చరిత్ర కాదు, ఒకే నేల మీద పరుచుకున్న మూడు చరిత్రలు. చాలామందికి తికమక అయ్యేది అక్కడే.

మొదటిది మేనర్, అంటే దొరగారి ఎస్టేట్. భూమి ఆయనది, సాగు చేసేవాళ్లు ఆయనకి కౌలో వెట్టో ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. రెండోది పారిష్, అంటే ఒక చర్చి కిందకి వచ్చే ఏరియా. మన దగ్గర క్యాథలిక్కులు దీన్నే విచారణ అంటారు, అక్కడి ఫాదర్ని విచారణ గురువు అంటారు. మూడోది సివిల్ పారిష్, అది మన గ్రామ పంచాయతీ టైపు వ్యవహారం, చర్చితో సంబంధం లేకుండా ఓట్లేసి ఎన్నుకునే దాని కౌన్సిల్ 1894 చట్టంతో వచ్చింది. ఈ మూడిటికీ హద్దులు ఒకటే ఉండాలని రూలేం లేదు, ఒక పారిష్‌లో రెండు మూడు మేనర్లు ఉండొచ్చు, ఒక మేనర్ రెండు పారిష్‌ల్లోకి పాకొచ్చు. ఇప్పుడు కూడా సివిల్ పారిష్ పేరు వట్టి లాక్స్‌టన్ కాదు, పక్కన ఉన్న చిన్న పల్లెని కలుపుకుని లాక్స్‌టన్ అండ్ మూర్‌హౌస్.

ఈ చిక్కు విడదీయడానికి నాకు దొరికిన చిట్కా ఒకటే, ఏ పాత కాగితం చేతికొచ్చినా ముందు "దీన్ని రాసినోడు ఏం వసూలు చేస్తున్నాడు?" అని అడగడం. ఊరి చరిత్ర రాద్దామని ఎవడూ కూర్చోలేదు అప్పట్లో. శిస్తు కావాల్సినోడు, కౌలు కావాల్సినోడు, దశమభాగం కావాల్సినోడు రాసుకున్నారు, మనకి అదే చరిత్ర అయింది.

లాక్స్‌టన్ మొదట కనపడేది కూడా శిస్తు లెక్కలోనే. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలుచుకున్నాక ఇరవై ఏళ్లకి, 1086లో, రాజు విలియం దేశం మొత్తం భూముల లెక్క తీయించాడు, దాన్నే డూమ్స్‌డే బుక్ అంటారు. అందులో ఈ ఊరి గురించి నాలుగు ముక్కలున్నాయి. ముందు టోకి అనే ఆయనది, ఇప్పుడు జెఫ్రీ ఆల్సెలిన్ అనే నార్మన్ దొర చేతికొచ్చింది, ఆయన మనిషి వాల్టర్ చూసుకుంటున్నాడు, 22 మంది విల్లన్లు (అంటే దొర భూమికి కట్టుబడిన రైతులు), 7గురు చిన్న కమతాల వాళ్లు, 5గురు బానిసలు, ఒక బానిస స్త్రీ, 40 ఎకరాల పచ్చిక. పాత రాజు కాలంలో విలువ 9 పౌండ్లు, ఇప్పుడు 6 పౌండ్లు. అంతే. దొరలకి పేర్లున్నాయి, రైతులు అంకెలు. ఆ ఒక్క బానిస స్త్రీని అలా విడిగా ఒక అంకెగా రాసిన చోట మాత్రం నేను కాసేపు ఆగిపోయాను, ఆమె ఎవరో ఏంటో ఇక ఎప్పటికీ తెలీదు.

తర్వాత రెండు మూడొందల ఏళ్లు గబగబా దాటేద్దాం. ఊరికి ఉత్తరాన దొరలు మట్టి దిబ్బ పోసి కోట కట్టారు, కోట పోయింది గానీ దిబ్బ ఇంకా అలాగే ఉంది, ఎక్కి చూడొచ్చు. దె కో అనే కుటుంబం, తర్వాత ఎవరింగ్‌హామ్ కుటుంబం ఇక్కడ దొరలు, వీళ్లకి షెర్‌వుడ్ అడవి మీద పెత్తనం ఉండేది (అవును, రాబిన్ హుడ్ కథల్లో అడవే). సెయింట్ మైకేల్ చర్చిలో వీళ్ల బొమ్మలు పడుకోబెట్టి ఉంటాయి, అన్నీ రాతివే, ఒక్కటి మాత్రం ఓక్ చెక్కతో చేసిన ఒక ఎవరింగ్‌హామ్ దొర రెండో భార్య బొమ్మ. నాటింగ్‌హామ్‌షైర్ మొత్తంలో ఆ కాలపు చెక్క బొమ్మ ఇదొక్కటే. మొదటి భార్యకి రాయి, రెండో భార్యకి చెక్క ఎందుకో మీరే ఊహించుకోండి.

చర్చి వైపు లెక్క వేరేగా నడిచేది. పంటలో పదో వంతు చర్చికి, ఇది ఇష్టమొచ్చి వేసే కానుక కాదు, చట్ట ప్రకారం కట్టాల్సిందే. గోధుమ పనల్లో పదోది, గొర్రెపిల్లల్లో పదోది, ఉన్నిలో పదో వంతు. మన దగ్గర చర్చికి పోయేవాళ్లకి దశమభాగం అంటే కొత్తగా చెప్పక్కర్లేదు, కాకపోతే ఇక్కడ దాన్ని డబ్బు రూపంలోకి మార్చే చట్టం 1836లో గానీ రాలేదు. ఇక 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఆర్డర్ వేశాడు, ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయాలని. ఇవాళ ఇంగ్లండ్‌లో తాతముత్తాతల్ని వెతుక్కునేవాళ్లందరికీ ఆధారం అదే. కానీ అలాంటిదేదో రాబోతోందన్న పుకారు పుట్టినప్పుడే జనం భయపడ్డారు, బిడ్డ పుడితే పన్ను, పెళ్లయితే పన్ను, చచ్చినా పన్ను వేస్తారని. 1536లో పక్కనే ఉన్న లింకన్‌షైర్‌లో లేచిన తిరుగుబాటు వెనక ఉన్న కారణాల్లో ఈ పుకారు కూడా ఒకటి. వాళ్ల అనుమానం మరీ గాల్లోది కూడా కాదు, డూమ్స్‌డే కాలం నుంచీ పుస్తకం పట్టుకుని వచ్చినోడెవడూ ఊరికే రాలేదు కదా.

తర్వాత తర్వాత పారిష్ అనేది దేవుడి పని కంటే గవర్నమెంట్ పని ఎక్కువ చేయడం మొదలెట్టింది. 1555 చట్టంతో రోడ్ల బాధ్యత పారిష్ మీద పడింది, ఊళ్లో వాళ్లు ఏడాదికి నాలుగు రోజులు, కొన్నేళ్లకే ఆరు రోజులు, కూలీ లేకుండా రోడ్డు పని చేయాలి. 1601 చట్టంతో పేదల్ని పోషించడం కూడా పారిష్‌దే, దానికి ఊళ్లో స్థోమత ఉన్నవాళ్ల దగ్గర రేటు అనే పన్ను వసూలు చేయాలి. ఇక్కడే పెద్ద గొడవ. పేదోడిని పోషించేది ఏ పారిష్? 1662 చట్టం ఏం చెప్పిందంటే బతుకుతెరువుకి వచ్చినోడు భారం అవుతాడని అనుమానం వస్తే వాడిని సొంత పారిష్‌కి తిప్పి పంపొచ్చని. దాంతో పక్క ఊరి గర్భిణీ స్త్రీ తమ ఊళ్లో ప్రసవిస్తుందేమో, ఆ బిడ్డ తమ లెక్కలో పడుతుందేమో అని హద్దు దాటించిన సంఘటనలు ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి. చివరికి 1834లో పారిష్‌లన్నీ కలిపి యూనియన్లు చేసి, సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లోకి (పేదల్ని ఉంచి పని చేయించే చోటు) రావాల్సిందే అన్నారు. దానికి మోడల్‌గా చూపించిన వాటిల్లో ఒకటి లాక్స్‌టన్‌కి ఎక్కువ దూరం లేని సౌత్‌వెల్‌లో 1824లో కట్టిన వర్క్‌హౌస్, కట్టించింది జాన్ బీచర్ అనే ఒక పాస్టరే. మొగుడినీ పెళ్లాన్నీ పిల్లల్నీ వేరు వేరు గదుల్లో పెట్టేవాళ్లు. అదిప్పుడు టికెట్ కొనుక్కుని చూసే మ్యూజియం.

ఇంకో విడ్డూరం చెప్పి ముందుకు పోతా. 1660లు, 70ల్లో వచ్చిన చట్టాల ప్రకారం శవాన్ని ఉన్ని బట్టలోనే చుట్టి పూడ్చాలి, లేకపోతే 5 పౌండ్ల ఫైన్. ఎందుకయ్యా అంటే దేశంలో ఉన్ని వ్యాపారం బాగుండాలని. ఆప్కో చీర కట్టకపోతే చావు రిజిస్టర్ చేయం అన్నట్టు!

ఇప్పుడు మళ్లీ భూమి దగ్గరికి. 1620ల్లో ఈ మేనర్‌ని సర్ విలియం కోర్టెన్ అనే లండన్ వ్యాపారి కొన్నాడు. ఈయన గురించి చదువుతుంటే నాకు ఒక్కసారి మన వైపు తీగ తగిలింది. రాజులకే అప్పులిచ్చిన మనిషి, 1627లో బార్బడోస్‌లో ఇంగ్లీష్ వాళ్లని దింపడానికి డబ్బు పెట్టిన మనిషి, 1635లో ఈస్టిండియా కంపెనీకి పోటీగా తూర్పు దేశాలతో వ్యాపారం చేసుకోవడానికి చార్లెస్ రాజు దగ్గర లైసెన్స్ సంపాదించిన గుంపుకి పెద్ద ఈయనే. కంపెనీ వాళ్లు అప్పటికే 1611 నుంచి మచిలీపట్నంలో కొట్టు పెట్టుకుని ఉన్నారు, వీళ్లు పశ్చిమ తీరం మీద పడ్డారు. సరిగ్గా అదే 1635లో లాక్స్‌టన్‌లో తనకి ఎంత భూమి ఉందో, ఎవరు ఎంత సాగు చేస్తున్నారో తేల్చమని మార్క్ పియర్స్ అనే సర్వేయర్‌ని పెట్టాడు. ఆ మ్యాప్, దాంతో పాటు రాసిన అడంగల్ లాంటి పుస్తకం రెండూ మిగిలాయి, మ్యాప్ ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఊరి చుట్టూ దువ్వెన పళ్లలా వేల చీలికలు, మధ్యమధ్యలో దున్నేవాళ్లు, కోతలు కోసేవాళ్లు, కుందేళ్ల వెంట కుక్కలు. మరుసటి ఏడే కోర్టెన్ పోయాడు, కొడుక్కి అప్పులు మిగిలాయి, లాక్స్‌టన్ పియర్‌పాంట్ అనే జమీందారీ కుటుంబానికి పోయింది. ఆ కుటుంబమే తర్వాత ఎర్ల్ మాన్వర్స్ అని బిరుదు తెచ్చుకుంది.

ఆ మ్యాప్‌లో కనపడే పద్ధతి పేరు ఓపెన్ ఫీల్డ్. ఊరి చుట్టూ మూడు పెద్ద పొలాలు, వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. ఒక్కో రైతుకి మూడిట్లోనూ అక్కడక్కడా చీలికలుంటాయి, ఒక్క చోట ముద్దగా ఉండదు. ఒక ఏడు ఒక పొలంలో గోధుమ, రెండో దాంట్లో బార్లీనో చిక్కుడో, మూడోది బీడు, మరుసటి ఏడు మారతాయి. ఏ పొలంలో ఏం వేయాలో ఒక్కడి ఇష్టం కాదు, ఊరంతా కలిసే. కోతలయ్యాక కొయ్యకాళ్ల మీదకి అందరి పశువులూ వదిలేవాళ్లు. చీలికలు ఎందుకు చెదిరి ఉన్నాయంటే చాలా వాదనలున్నాయి, నాకు నచ్చింది మాత్రం రిస్క్ పంచుకోవడం. పల్లపు చేను వానకి పోయినా మెరక చేను దక్కుతది, ఒకడికే అంతా మంచి నేల, ఇంకోడికి అంతా చవుడు అనే గోల ఉండదు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు మన దగ్గర పై చెక్కలో సగం, కింద చెక్కలో సగం అనడం లేదా, అదే లెక్క.

చీలిక ఆకారం ఉంది చూశారూ, అది మన నోట్లో రోజూ నలిగే మాటే. ఫర్లాంగు అంటే ఇంగ్లీష్‌లో చాలు పొడవు, ఎద్దులు ఆగకుండా ఒక్క ఊపులో లాగే దూరం, 220 గజాలు. దానికి వెడల్పు 22 గజాలు, అంటే సర్వే గొలుసు ఒకటి, అంటే సరిగ్గా క్రికెట్ పిచ్ పొడవు. ఈ రెండూ గుణిస్తే 4840 చదరపు గజాలు, అదే ఎకరం, ఒక నాగలి ఒక రోజులో దున్నే నేల అని కొలతగా దాని పాత అర్థం. మన తాతలు "ఆ ఊరు ఇంకో రెండు ఫర్లాంగులు" అన్నప్పుడు, మనం "ఎకరం ఎంత పలుకుతుంది" అని రియల్ ఎస్టేట్ బ్రోకర్ని అడిగినప్పుడు మనం వాడేది ఇంగ్లండ్ ఎద్దుల ఊపిరి లెక్కే. అప్పట్లో పెద్ద నాగలికి ఎనిమిది ఎడ్లు కట్టేవాళ్లు, అంత పొడుగు జట్టుని చేను చివర తిప్పడం కష్టం కాబట్టి చివరికి వచ్చేముందే పక్కకి మళ్లించడం మొదలెట్టేవాళ్లు, అందుకే పాత చాళ్లు కొంచెం వంకరగా, సాగదీసిన పాములా ఉంటాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు మిడ్‌ల్యాండ్స్‌లో (ఇంగ్లండ్ నడి భాగం) పచ్చిక బయళ్ల మీద ఆ వంకర మెరకలు ఇప్పటికీ కనపడతాయి, పైన గొర్రెలు మేస్తుంటాయి.

మరి ఇంగ్లండ్ అంటే మనకి గుర్తొచ్చే ఆ చిన్న చిన్న పచ్చ చతురస్రాలు, చుట్టూ ముళ్ల కంచెలు, పోస్ట్‌కార్డ్ బొమ్మ? ఈ మిడ్‌ల్యాండ్స్ వైపు అది చాలా వరకు ఎన్‌క్లోజర్ పుణ్యం, మరీ పాతది కాదు. చీలికలన్నీ రద్దు చేసి, ఎవరి వాటా వాళ్లకి ఒక్క చోట ముద్దగా ఇచ్చి, కంచె వేసుకోమనడమే ఎన్‌క్లోజర్. 1604 నుంచి 1914 దాకా 5,200కి పైగా చట్టాలు చేసి ఇంగ్లండ్‌లో దాదాపు ఐదో వంతు నేలని, 68 లక్షల ఎకరాల్ని ఇలా మార్చారు. పెద్ద రైతుకి లాభమే, కొత్త పద్ధతులు, ఎక్కువ దిగుబడి, దొరకి ఎక్కువ కౌలు. కానీ భూమి లేనోడికి ఊరి పోరంబోకులో ఆవుని మేపుకునే హక్కు, పుల్లలు ఏరుకునే హక్కు పోయాయి, వాటిల్లో చాలా వాటికి కాగితం ఉండదు కదా, అలవాటుగా వచ్చినవి. చిన్న కమతం వాడికి వాటా వచ్చినా కంచె ఖర్చు, సర్వే ఖర్చు పెట్టుకోలేక అమ్ముకుని పోయినవాళ్లు ఎందరో.

లాక్స్‌టన్ ఎందుకు మిగిలింది మరి? ఊరివాళ్లు సంప్రదాయం మీద ప్రేమతో కాపాడుకున్నారని టూరిస్టు కబుర్లు చెప్తారు గానీ అసలు కారణం అంత అందంగా ఉండదు. ఊళ్లో ఎక్కువ భూమి మాన్వర్స్ ఎర్ల్‌ది, తర్వాత పెద్ద వాటా ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరోది, వీళ్లిద్దరికీ ఎవరి చీలికలు ఎవరు తీసుకోవాలో లెక్క కుదరలేదు. అది తేలేసరికి వ్యవసాయంలో డబ్బుల్లేని రోజులొచ్చాయి, కంచెల మీద పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. అంటే ఇద్దరు పెద్దమనుషులకి పొత్తు కుదరక ఒక ఊరి పద్ధతి బతికిపోయింది! అప్పటికీ పూర్తిగా ఏం మిగల్లేదు, 1900 తర్వాత మాన్వర్స్ ఎర్ల్ కొన్ని చీలికలు కలిపి పెద్దవి చేశాడు, కొంత భూమికి కంచె పడింది, ఇప్పుడు మిగిలింది ఐదొందల ఎకరాలకి కొంచెం అటూ ఇటూ.

1930ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో వ్యవసాయ ఆర్థిక పరిశోధన సంస్థ నడిపిన ఆర్విన్, ఆయన భార్య కలిసి ఈ ఊరి మీద పుస్తకం రాస్తే అప్పుడు తెలిసింది దేశానికి, ఇలాంటిది ఇంకా ఉందని. 1952లో మాన్వర్స్ ఎర్ల్ దాన్ని చెదరకుండా ఉంచాలని వ్యవసాయ శాఖకి అమ్మాడు, 1981లో శాఖ దాన్ని క్రౌన్ ఎస్టేట్‌కి (రాజు పేరున ఉన్న ఆస్తులు చూసే సంస్థ) ఇచ్చింది, 2020లో మళ్లీ చేతులు మారి థోర్స్‌బీ ఎస్టేట్‌కి వెళ్లింది, అది పాత పియర్‌పాంట్ల ఎస్టేటే. తిరిగి తిరిగి గూటికే చేరింది.

ఇంగ్లీష్ వాళ్లకి ఇంకో వింత ఏంటంటే లాక్స్‌టన్‌లో రైతుల ఇళ్లు, కొట్టాలు అన్నీ ఊరి వీధిలోనే ఉంటాయి, పొలాలు ఊరి బయట. ఎన్‌క్లోజర్ అయిన చోట చాలామంది రైతులు సొంత ముద్ద మధ్యకి పోయి ఒంటిల్లు కట్టుకున్నారు కాబట్టి వాళ్లకిది మ్యూజియం. మా నాన్నకి మాత్రం ఇందులో వింతేం కనపడలేదు, "ఇళ్లు ఊళ్లో ఉండక చేలో ఉంటయ్యా" అన్నాడు. బందెలదొడ్డి చూసి మాత్రం ముచ్చటపడ్డాడు. పరాయి చేలో పడ్డ పశువుని తోలే దొడ్డి, దానికొక మనిషి, విడిపించుకోవాలంటే డబ్బు కట్టాలి. మా ఊళ్లో దొడ్డి గోడలు ఆయన చిన్నప్పుడే కూలిపోయాయంట.

ఇక గట్ల సంగతి. చీలికకీ చీలికకీ మధ్య ఒక చాలు తేడా తప్ప అడ్డం ఏం ఉండదు, కాబట్టి పక్కోడి దాంట్లోకి ఒక చాలు జరగడం చాలా తేలిక, దారి మీదకి జరగడం ఇంకా తేలిక. అందుకే ఏటా నవంబర్ చివర్లో, ఆ ఏడు గోధుమ విత్తిన పొలంలోకి పన్నెండు మంది రైతుల జ్యూరీ, వాళ్ల పెద్ద కలిసి ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి పోతారు. హద్దులు చూస్తారు, అరిగిపోయిన చోట కొత్త మేకు దిగ్గొడతారు, ఎవరు ఎంత జరిగారో రాసుకుంటారు, తర్వాత డవ్‌కోట్ అనే పబ్బులో భోజనం. వారం తర్వాత అదే పబ్బులో కోర్ట్ లీట్ అనే పాత మేనర్ కోర్టు కూర్చుంటది, దొర తరఫున స్టూవర్డ్ ఉంటాడు, పేర్లు పిలుస్తారు, తప్పు చేసినవాళ్లకి ఫైన్ వేస్తారు, వచ్చే ఏడాది జ్యూరీ చేత ప్రమాణం చేయిస్తారు. పొలాల మధ్య దున్నకుండా వదిలే పల్లపు గడ్డి నేలల్ని సైక్స్ అంటారు, ఆ గడ్డి కోసుకునే హక్కు వేలం వేస్తారు. ఇదంతా వేషాలేసుకుని చేసే ఉత్సవం అనుకునేరు, 1977లో పార్లమెంటు ఇలాంటి పాత కోర్టుల అధికారాలన్నీ పీకేస్తూ చట్టం చేసినప్పుడు కోర్ట్ లీట్‌లలో లాక్స్‌టన్‌ది ఒక్కటి వదిలిపెట్టింది.

ఇదంతా మొన్న ఫోన్లో నాన్నకి చెప్పాను, మేకు సంగతి, జ్యూరీ సంగతి, పబ్బు సంగతి. ఆయన అంతా విని, "ఇంతకీ ఫైన్ ఎంత ఏస్తారు?" అన్నాడు.

"ఏదో కొద్ది పౌండ్లు నాన్నా."

కాసేపు నవ్వాడు. మా చేను గట్టు కేసు పంతొమ్మిదేళ్లుగా నడుస్తోంది.

"మరి కట్టకపోతే?" అన్నాడు.

"పక్కోళ్లందరూ అదే పబ్బులో కూర్చుంటారు గదా నాన్నా."

"ఊ," అన్నాడు, "అదీ సంగతి."